నెత్తిన పెట్టే మోసం: పంగనామం, శఠగోపం అనే మాటల పుట్టుక

(చెన్నై మైలాపూరులో తెలుగువారి నెలవారీ సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం.

ఈ నెల ఆహ్వానపత్రంలో 'పంగనామం' అన్న మాట అచ్చువేయడానికి నిర్వాహకులు కొంచెం తటపటాయించారని విన్నాను. సభకు అటువంటి పేరు పెడితే వచ్చేవారు ఏమనుకుంటారు, చందా ఇచ్చినవారు ఏమనుకుంటారు అన్నది వారి సందేహం. చందా ఇచ్చినవారి విషయంలో ఆ సందేహం న్యాయమైనదే. అయినా ధైర్యం చేసి వేశారు. వారికి నా కృతజ్ఞతలు.

ఈ మాట మీద నాకు ఆసక్తి పుస్తకాలు చదివి కలిగింది కాదు, డబ్బు పోగొట్టుకుని కలిగింది. తొంభైలలో ఈ ఊళ్లో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఫైనాన్స్ కంపెనీలు వీధికొకటి ఉండేవి. బ్యాంకు కంటే ఎక్కువ వడ్డీ ఇస్తామనేవారు, చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు, పండక్కి క్యాలెండరు ఇచ్చేవారు. నేను ప్రావిడెంట్ ఫండులోంచి తీసిన సొమ్ము ఒక కంపెనీలో డిపాజిట్ చేశాను. దాని పేరు చెప్పను, చెప్పి ఇప్పుడు ప్రయోజనమూ లేదు. ఒక సోమవారం ఉదయం వెళ్లేసరికి తలుపుకు తాళం, తాళం ముందు నాలాంటివారు ముప్పై నలభై మంది ఉన్నారు. ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే మా ఆవిడ "శఠగోపం పెట్టారన్నమాట" అన్నది. పక్కవాటాలో ఉండే తమిళ పెద్దాయన వచ్చి, "పట్టై నామం పోట్టుట్టాన్ సార్" అని నా భుజం తట్టాడు. మేడ మీద మైసూరు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది, ఆ ఇల్లాలు మెట్ల మీద నుంచే "పంగనామ హాకిబిట్రా?" అని అడిగింది. ముగ్గురూ మూడు భాషలవారు, ముగ్గురూ ఎంతో జాలిపడ్డారు, ముగ్గురూ చెప్పింది మాత్రం ఒకటే. పోయింది నా జేబులోంచి. వారు చూసింది నా నుదురు.

ఆ రాత్రి నిద్ర పట్టక నేను ఆలోచించింది ఇదే. జేబులోంచి పోయినదానికి నుదుటి మీద బొట్టు ఎందుకు పెడుతున్నారు?

ముందు మాటను విప్పి చూద్దాం. 'పంగ' అంటే చీలిక, రెండుగా విడిపోయిన చోటు. చెట్టు కొమ్మ రెండుగా చీలిన చోటును చెట్టు పంగ అంటాం. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టడానికి వాడినది పంగలకర్ర. అలా రెండుగా చీలి పైకి లేచిన నామం పంగనామం. అంటే ఇది మొదట తిట్టు కాదు, ఒక ఆకారానికి ఉన్న మామూలు పేరు. వైష్ణవులు నుదుట పెట్టుకునే ఊర్ధ్వపుండ్రాన్ని చూసిన పల్లెటూరి మనిషి తనకు తెలిసిన చెట్టు కొమ్మతో పోల్చి పెట్టిన పేరు అది. తెల్లటి తిరుమణితో రెండు గీతలు, నడుమ శ్రీచూర్ణంతో ఒక రేఖ. ఆ రెండు గీతలు కింద కలిసే చోట ముక్కు మీదికి పాదం దిగితే అది శ్రీవైష్ణవులలో తెంగలై శాఖవారి నామం, దిగకపోతే వడగలై శాఖవారిది. ఈ తేడా మీద ఎంత రగడ జరిగిందో ఈ ప్రాంతంవారికి నేను చెప్పాలా? కంచిలో గుడి ఏనుగుకు ఏ నామం పెట్టాలన్న తగువు గురించి మనవాళ్లు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఏనుగును అడిగితే ఏమనేదో గాని, మనుషులు మాత్రం ఆ పాదాన్ని అంత తేలికగా తీసుకోలేదు.

మరి 'నామం' అంటే పేరు కదా, బొట్టుకు ఆ మాట ఎలా వచ్చింది? వైష్ణవులు శరీరం మీద పన్నెండు చోట్ల పుండ్రాలు ధరిస్తారు. ఒక్కొక్కటి పెట్టుకునేటప్పుడు విష్ణువు పన్నెండు నామాలలో ఒక్కొక్కటి పలుకుతారు. నుదుట కేశవుడు, ఉదరం మీద నారాయణుడు, రొమ్ము మీద మాధవుడు, కంఠాన గోవిందుడు, ఇలా పన్నెండు. పేరు పలుకుతూ పెట్టినది కనుక గీతకే నామం అన్న పేరు స్థిరపడింది. దేవుడి పేరు గీత పేరయింది, గీత పేరు మోసం పేరయింది. మొదటి అడుగు సులభంగానే అర్థమవుతుంది. రెండో అడుగు దగ్గరే మన చిక్కంతా ఉంది.

ఆ చిక్కు విప్పడానికి శఠగోపం దగ్గరికి వెళ్లాలి. నన్నడిగితే, ఈ మాటలన్నింటిలో అది రత్నం లాంటిది. కొంచెం ఓపికగా వినండి.

వైష్ణవాలయంలో తీర్థం ఇచ్చిన తరువాత అర్చకుడు మన తల మీద ఒక కిరీటం వంటి లోహపు పాత్రను ఆనిస్తాడు. దాని మీద విష్ణుపాదాలు ఉంటాయి. ఆ పాదాలు మన తలకు తగలడమే అనుగ్రహం. దానినే శఠగోపం అని, శఠారి అని అంటారు. ఈ పేరు ఒక మనిషిది. ఇక్కడికి దక్షిణాన, తామ్రపర్ణి ఒడ్డున కురుగూరులో పుట్టిన నమ్మాళ్వారుకు, అంటే తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లలో ఒకాయనకు, శఠకోపుడని పేరు. ఆయన ఊరిని ఇప్పుడు ఆళ్వార్ తిరునగరి అంటున్నాం. తిరువాయ్‌మొళి అనే తమిళ భక్తికావ్యం చెప్పిన మహానుభావుడాయన. సంప్రదాయంలో చెప్పే కథ ఏమిటంటే, బిడ్డ భూమి మీద పడగానే శఠమనే వాయువు సోకుతుంది, దానితో పూర్వజ్ఞానం మరుగున పడి బిడ్డ ఏడుస్తుంది. ఈ బిడ్డ మాత్రం ఆ వాయువు మీద కోపించి హుంకరించాడట, అది తొలగిపోయిందట. అందుకని ఈయన శఠకోపుడు, శఠానికి అరి, అంటే శత్రువు, కనుక శఠారి. నమ్మాళ్వారును విష్ణుపాదాలుగా భావిస్తారు కనుక ఆ పాదాల గుర్తుకు ఆయన పేరే వచ్చింది.

అయితే 'శఠకోపం' మన నోట 'శఠగోపం' ఎలా అయింది? అరవ లిపిలో క-గలకు ఒకే అక్షరం. రెండు అచ్చుల నడుమ వస్తే దానిని 'గ' అని పలుకుతారు. ఈ ఊళ్లో శడగోపన్ అన్న పేరుగలవారు మీలో ప్రతి ఒక్కరికీ ఒకరైనా తెలిసే ఉంటారు. ఆ పలుకుబడే గుళ్లతో పాటు మన దగ్గరికి వచ్చింది. గోవులకూ గోపాలుడికీ దీనితో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. 'శఠ' అన్న సంస్కృతపదానికి అర్థం ఏమిటి? అమరకోశం 'నికృతస్త్వనృజుః శఠః' అన్నది. అనృజువు అంటే సూటిగా లేనివాడు, వంకరబుద్ధి గలవాడు. అలంకారశాస్త్రంలో నాయకులను నాలుగు రకాలుగా చెబుతూ, ప్రియురాలి ఎదుట ప్రేమగా మాట్లాడుతూ చాటున ద్రోహం చేసేవాణ్ణి శఠుడన్నారు. అంటే శఠుడు మోసగాడు. శఠకోపం అంటే మోసం మీద కోపం. అయ్యా, ఒక్కసారి ఆలోచించండి. మోసం మీద కోపం అనే అర్థం గల మాటను తెచ్చి మనం మోసానికే పేరుగా పెట్టుకున్నాం! వాడినవాడికి సంస్కృతం తెలిసి వెటకారంగా వాడాడా అంటే, అలా అనుకోవడానికి ఆధారం లేదు. పదం లోపలి అర్థం నిద్రపోయింది, పైన కనబడే పని ఒక్కటే జనానికి మిగిలింది. ఆ పని ఏమిటి? మనం తల వంచుతాం, అవతలివాడు దాని మీద ఏదో పెట్టి తీసేస్తాడు, మనం బయటికి నడుస్తాం. పళ్లెంలో దక్షిణ పడింది, తల మీద ఏమీ మిగలలేదు. భక్తుడికి మిగిలినది కంటికి కనిపించదు కదా, కనుక కంటితో మాత్రమే చూసేవాడికి అక్కడ జరిగినది ఇంతే.

ఇక్కడ నేను గమనించిన ఒక సంగతి మీ ముందు పెడతాను. ఇది నా ఊహ, దీనికి శాసనాధారం అడగవద్దు. మోసానికి తెలుగులో ఉన్న మాటలను ఒకచోట చేర్చి చూస్తే, అవి దాదాపు తిరుమల యాత్రలో వరుసగా జరిగే పనుల్లా ఉంటాయి. కొండ ఎక్కినవాడు మొదట కల్యాణకట్టకు వెళతాడు, గుండు కొట్టించుకుంటాడు. మనం 'వాడికి గుండు కొట్టారు' అంటాం, 'వెయ్యి రూపాయలు క్షవరం అయింది' అంటాం. తరువాత నుదుట నామం పెట్టించుకుంటాడు. మనం 'నామం పెట్టాడు' అంటాం. వరుసలో నిలబడి గోవింద నామం చెబుతాడు. మనం 'డబ్బు గోవిందా' అంటాం. అయితే ఈ గోవిందాలో శవం వెంట దాసరులు పలికే గోవింద కూడా కలిసి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే ఆ మాటలో 'ఇక తిరిగి రాదు' అన్న ధ్వని గట్టిగా ఉంది. ఆ తరువాత శఠగోపం. ఇవన్నీ కాక, ఒంటి మీద ఉన్న నగలన్నీ ఒలిచి హుండీలో వేసే మొక్కు ఒకటి ఉంది. దాని పేరేమిటి? నిలువుదోపిడి. మొక్కుకున్న ఇల్లాలు సంతోషంగా, కళ్లు చెమర్చగా, తన చేతులతో తాను చేసుకునే పనికి మన భాష పెట్టుకున్న పేరు దోపిడి. స్వామిని వడ్డికాసులవాడని పిలిచి, ఆయన పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు ఇంకా తీరలేదని చెప్పుకునే జనానికి ఈ చనువు ఉండడంలో వింత ఏముంది?

ఇది వైష్ణవుల మీద శైవులు పన్నిన ఎగతాళి అని నా మిత్రులొకరు వాదిస్తారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు, క్షమించాలి. నేను ఆ వాదానికి ఒప్పుకోను. తిరువల్లిక్కేణిలో పార్థసారథి కోవెల మాడవీధిలో పుట్టి పెరిగిన ఆచార్యకుటుంబాలవారే తమ ఇళ్లలో నిస్సంకోచంగా 'నామం పోట్టుట్టాన్' అనడం నేను చెవులారా విన్నాను. పరాయివాడి ఎగతాళి అయితే ఆ ఇళ్లలో అంత హాయిగా చెల్లదు. పైగా శైవులను మాత్రం భాష వదిలిందా? గుడినీ గుడిలో లింగాన్నీ మింగేవాడు అన్న సామెత ఎవరి గుడి గురించి?

విష్ణుపాదం తల మీద పెట్టించుకుని సర్వస్వం పోగొట్టుకున్నవాడు పురాణంలో ఒకడున్నాడు. ఎవరో మీకు తెలుసు. బలి. మూడడుగుల నేల అడిగాడు పొట్టి వటువు. గురువు శుక్రాచార్యుడు ఇందులో మోసం ఉందని చెప్పాడు, అడ్డుపడ్డాడు. ఇచ్చిన మాట తప్పనన్నాడు బలి. రెండడుగులకు లోకాలన్నీ అయిపోయాయి, మూడవ అడుగుకు తలే చూపించాడు. ఇక్కడికి కారులో రెండు గంటల దూరంలో కంచిలో ఉలగళంద పెరుమాళ్ కోవెల ఉంది. వెళ్లి నిలబడి చూడండి. ఒక కాలు ఆకాశానికి చాచి, ఒక కాలు బలి తల మీద మోపిన ఆ నిలువెత్తు మూర్తి ముందు మన తల మన ప్రమేయం లేకుండానే వంగుతుంది. మహాబలిపురంలో వరాహగుహలో పల్లవ శిల్పులు చెక్కిన త్రివిక్రముడు ఉన్నాడు. నేను చెప్పేది ఏమంటే, పాదం తల మీద పడటం, సంపద పోవడం, తల తానే వంచడం అన్న మూడూ కలిసిన బొమ్మ మన మనసులో ఎప్పటినుంచో ఉంది. శఠగోపం అనే మాటకు మోసం అన్న అర్థం దొరకడానికి కొత్తగా ఏమీ కనిపెట్టనక్కరలేకపోయింది.

తల తానే వంచడం. ఈ మాట దగ్గర ఆగుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఈ మాటల కీలకం అక్కడ ఉంది. దొంగ పంగనామం పెట్టడు. రాత్రి గోడకు కన్నం వేసి బీరువా ఖాళీ చేసినవాణ్ణి 'నాకు శఠగోపం పెట్టాడు' అని ఎవరైనా అంటారా? అనరు. రైల్లో జేబు కత్తిరించినవాణ్ణి 'టోపీ పెట్టాడు' అంటారా? అనరు. మనం నమ్మి, మన చేతులతో మనమే ఇస్తేనే అది నామం. చట్టం కూడా సరిగ్గా ఇదే గీత గీసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో దొంగతనం అంటే యజమాని సమ్మతి లేకుండా సొత్తు తీసుకుపోవడం. మోసం అంటే ఎదుటివాణ్ణి నమ్మించి, వాడంతట వాడే సొత్తు అప్పగించేలా చేయడం. ఆ రెండవదానికి శిక్ష చెప్పిన సెక్షన్ సంఖ్య అందరికీ తెలిసినదే, ఫోర్ ట్వంటీ. శాసనసభలో పుట్టిన అంకె తెలుగు తిట్టయింది. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఇప్పుడది 318వ సెక్షన్ నాలుగవ ఉపవిభాగం. అయినా మీలో ఎవరైనా, 'వాడొట్టి త్రీ ఎయిటీన్‌గాడు' అంటారా? సెక్షన్ మారినంత సులువుగా తిట్టు మారదు.

అప్పు ఎగవేతకు 'ఐపీ పెట్టాడు' అన్న మాట కూడా ఇటువంటిదే. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న కోర్టు మాటకు పొడి అక్షరాలవి. దివాలా చట్టాలు మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు 1909లో ఒకటి, మిగిలిన ప్రాంతాలకు 1920లో ఒకటి వచ్చాయి. మద్రాసువారికి ఆ రుచి అంతకు ముందే తెలుసు. 1906 అక్టోబరులో అర్బత్‌నాట్ కంపెనీ అనే ఆంగ్లేయుల బ్యాంకు కూలినప్పుడు ఈ ఊరి పింఛనుదారులు, జమీందారులు, గుమాస్తాలు కూడబెట్టినదంతా కొట్టుకుపోయింది. కంపెనీ పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడింది. మన సొమ్ముకు మన బ్యాంకు కావాలని వి. కృష్ణస్వామి అయ్యరు వంటివారు పూనుకోగా 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. తమిళులు దివాలా తీయడాన్ని 'మంజ కడుదాసి కొడుత్తుట్టాన్' అంటారు, పసుపు కాగితం ఇచ్చాడని. మనం పెళ్లిపిలుపుకు పసుపు రాస్తాం. అదే పసుపు వారికి దివాలా నోటీసుగా కూడా కనిపించింది.

మాటల నడుమ తేడాలు కూడా కొంచెం చూద్దాం, ఎందుకంటే పత్రికల శీర్షికలలో వీటిని ఇష్టం వచ్చినట్టు కలిపేస్తున్నారు. నా చెవికి ఎగనామం అంటే ఇవ్వవలసినది ఇవ్వకుండా తప్పుకోవడం. బాకీకి ఎగనామం పెట్టవచ్చు, బడికి ఎగనామం పెట్టవచ్చు, ఈ సమావేశానికి చాలామంది పెట్టినట్టు సభలకు కూడా పెట్టవచ్చు. ఎగవేయడంలోని 'ఎగ' అది. పైకి అనే అర్థం గల ఎగ కూడా తెలుగులో ఉంది, ఎగబాకడం, ఎగజిమ్మడం, ఎగువ. ఊర్ధ్వపుండ్రానికి మాటకు మాట తెలుగు చేస్తే ఎగనామమే అవుతుంది! రెండు ఎగలూ ఒకచోట కలిసి ఆ మాటకు బలం ఇచ్చాయని నాకు అనిపిస్తుంది. శఠగోపం మాత్రం పెద్దమనిషిలా ఉన్నవాడు, నమ్మకం మీద, మర్యాదగా పెట్టేది. కిరాణా కొట్టువాడు తూకంలో యాభై గ్రాములు తగ్గిస్తే దానిని శఠగోపం అంటే మాట చిన్నబోతుంది. పంగనామం వీటి రెండింటికీ నడుమ ఉంటుంది, కొంచెం మొరటు, కొంచెం నవ్వు.

కుచ్చుటోపీ వేరే దారిన వచ్చినది. టోపీ మన తలకు పాతది కాదు, మనది పాగా. పాగా చుట్టించడం గౌరవం, పాగా తీయించడం అవమానం. ఆ పాగా తీసి కుచ్చు వేలాడే టోపీ ఒకటి తగిలించి, అద్దం చూపకుండా పంపించేస్తే వాడు వీధంతా తిరిగి వస్తాడు, తన తల మీద ఏముందో తనకు తప్ప అందరికీ తెలుస్తుంది. కుచ్చు ఎందుకంటే దూరానికి కూడా కనబడడానికి! హిందీలోనూ టోపీ తొడగడం మోసగించడమే, కన్నడంలోనూ టోపీ పెట్టడం ఉంది. చెవిలో పువ్వు పెట్టడం తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే, అక్కడ కూడా పువ్వు పెట్టించుకున్నవాడికి పువ్వు కనబడదు. నుదుటి నామం తన కంటికి కనబడదు, నెత్తి మీద టోపీ కనబడదు, చెవిలో పువ్వు కనబడదు. జేబులోంచి పోయినదానికి నుదుటి మీద గుర్తు ఎందుకని ఆ రాత్రి నన్ను వేధించిన ప్రశ్నకు ఇదే జవాబని ఇప్పుడు అనుకుంటున్నాను. జేబు ఖాళీ అయిన సంగతి మోసపోయినవాడికి తెలుస్తుంది, లోకానికి తెలియదు. నుదుటి గుర్తు లోకానికి తెలుస్తుంది, వాడికి తెలియదు. మాట పుట్టినది పోగొట్టుకున్నవాడి నోట కాదు, చూస్తున్న ఇరుగుపొరుగు నోట.

తలకు సంబంధం లేని మాట తమిళంలో ఒకటి ఉంది, అల్వా కొడుక్కిరదు, హల్వా ఇవ్వడం. తిరునెల్వేలి హల్వా ఎంత మెత్తగా జారుతుందో మీకు తెలియనిది కాదు. నోట్లో పెట్టుకున్నాం అనుకునేలోపు గొంతు దాటుతుంది. అయితే ఇక్కడ కూడా నోరు తెరిచేది మనమే.

దీనితో ముగిస్తాను. డిపాజిటర్ల రక్షణకు తమిళనాడు ప్రభుత్వం 1997లో ప్రత్యేక చట్టం తెచ్చింది. మా కంపెనీ ఆస్తులు జప్తు అయ్యాయి, దరఖాస్తులు పెట్టాం, ఏళ్లు తిరిగాం, వేసినదానిలో కొంత భాగం వచ్చింది. ఆ గొడవలు నడుస్తున్న రోజులలోనే పక్కవాటా తమిళ పెద్దాయన సొంత ఊరు తిరునెల్వేలి వెళ్లి వచ్చాడు. ఒక సాయంకాలం చేతిలో పొట్లంతో మా గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావడానికి కాసేపు సందేహించి, చివరకు నవ్వు ఆపుకోలేక అన్నాడు: "సార్, తప్పుగా అనుకోవద్దు. ఇది నిజంగా హల్వానే." మా ఆవిడ పొట్లం విప్పి ముందు ఆయనకే పెట్టింది.